మూత మీద ఎర్ర చుక్క

ఆదివారం, పొద్దున

మా ఇంటి మూతల డాక్టరుగారికి, అనగా మా నాన్నకి,

ముందు కవరులో ఉన్న గుడ్డముక్క బయటికి తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూడు. ఉత్తరం తర్వాత చదువుదువుగాని. చూశావా? ఏమిటి నాన్నా అది? నాలుగేళ్ళుగా నీకు పంపుతున్న ముక్కల మీద నల్ల మరకో, గోధుమరంగు మరకో తప్ప ఇంకోటి ఎరుగుదువా? ఇవాళ ఇంజిన్ ఆయిలు మూత తిప్పి తీసేసరికి దాని అడుగున లేత పసుపు రంగులో, మీగడ పేరుకున్నట్టు ఇంత మందాన నురగ! వేలితో తీసి చూశాను. జిడ్డుగానే ఉంది కానీ నూనె జిడ్డులా లేదు, నానిపోయిన సబ్బులా ఉంది. వాసన చూశాను. ఇంకాసేపుంటే రుచి కూడా చూసేదాన్నేమో, ఇంతలో నీ అల్లుడుగారు అటు వచ్చారు.

"ఏంటి, ఇంజినుకి జలుబు చేసిందా?" అన్నారు. నవ్వుతూనే అన్నారుగానీ, నా చేతిలో మూత చూడగానే గిరుక్కున వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఎందుకొచ్చారో ఆ పని కూడా చేసుకోలేదు.

మొన్న పోస్టాఫీసులో కౌంటరు అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. "వారం వారం ఈ కవర్లో మెత్తగా ఏం పంపుతారండీ?" అని. చెప్పాను. మా నాన్న నలభై ఏళ్ళు కార్ల షెడ్డు నడిపాడమ్మా, మోకాళ్ళు మొరాయించాక షెడ్డు మూసేసి తన కారు నాకిచ్చాడు, ఇస్తూ ఒక్క షరతు పెట్టాడు అని. ఆదివారం పూట, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తాలి. ఆయిలు పోసే మూత చేత్తోనే తిప్పి తీయాలి, దాని మీద పానా పెట్టకూడదు. రబ్బరు రింగు బీటలిచ్చిందేమో వేలితో తడమాలి. మూత అడుగున తెల్లగుడ్డతో ఒకే ఒక్కసారి తుడవాలి. మళ్ళీ పెట్టి, నాన్న వేసిన ఎర్ర చుక్క బ్యాటరీ వైపుకి వచ్చేదాకా తిప్పాలి. ఆ గుడ్డ నాన్నకి పోస్టు చెయ్యాలి. మా నాన్న దాన్ని చూసి, డాక్టరు నాలుక చూసి జబ్బు చెప్పినట్టు ఇంజిను సంగతి చెప్తాడు. "ఫోన్లో చెప్తే సరిపోదా అండీ?" అంది. నలభై ఏళ్ళు ఇంజిన్ల పక్కన నిలబడి ఆయన చెవులు రెండూ పెన్షను తీసుకున్నాయి తల్లీ, అన్నాను. ఆ పిల్ల నవ్వి, స్టాంపు వంకరగా అంటించింది.

సరే, అసలు సంగతికి వస్తాను. నీళ్ళు ఇంజిన్ ఆయిల్లో కలిస్తే ఇలాంటి నురగే వస్తుందని నీ షెడ్డులో విన్నట్టు గుర్తు. అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. నీళ్ళూ నూనే కలవకుండా ఆపే గాస్కెట్ పోయిందని నువ్వు చెప్పగానే ఆ బండాయన తల పట్టుకుని టైరు మీద కూలబడ్డాడు. మనదీ అదేనా? ఈయన ఫ్యాక్టరీ నలభై అయిదు కిలోమీటర్లు. పోను రాను తొంభై. ఆ కారు లేకపోతే ఈ మనిషి ఇంట్లో మెలకువగా కనిపించేది ఆదివారాలే. నీ కాలంలోనే కిలోమీటర్ల మీటరు చచ్చిపోయింది కాబట్టి ఎంత తిరిగిందో లెక్క కూడా చెప్పలేను.

వెంటనే జవాబు రాయి. మూణ్ణాలుగు నెలల కిందట గుడ్డ అంచున సన్నటి దుమ్ము వచ్చింది, ఎందుకని అడిగితే ఆ ప్రశ్న ఒక్కటీ ఎగ్గొట్టి మిగతావన్నీ రాశావు. నాకు గుర్తుంది.

నీ పానా
(అడక్కుండానే సరైన పానా అందిస్తానని పెట్టిన పేరు ఇంకా చెల్లుతోందనే అనుకుంటున్నాను)


శుక్రవారం

నాన్నా,

క్యాలెండరు కాగితం వెనక నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఉత్తరమా అది? షెడ్డులో బండికి కట్టే చీటీ. "రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నాయా? పొగగొట్టం నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా? ఆయిలు మట్టం చూసే పుల్ల మీద కూడా నురగ ఉందా? చుక్క ఎటు చూస్తోంది?" అడుగున నాలుగు ముక్కల జవాబు. ఇంతే. బాగున్నావా అన్న మాట కూడా లేదు.

చూశాను. ఇంజిను చల్లారాకే రేడియేటరు తెరిచాను, తిట్టకు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. పొగ లేదు. పుల్ల మీద నూనె శుభ్రంగా ఉంది. అవన్నీ బాగుంటే గాస్కెట్ గురించి భయం లేదని అడుగున రాశావు. "చలికాలంలో బండి కాస్త దూరమే తిరిగి ఆగిపోతుంటే ఇంజిను పూర్తిగా వేడెక్కదు. లోపలి చెమ్మ ఆవిరైపోక, చల్లగా ఉండే మూత కింద పట్టి, నూనెతో కలిసి నురగ కడుతుంది. జబ్బు కాదు. కాస్త దూరం తిప్పితే పోతుంది" అన్నావు. హమ్మయ్య అనుకుని కుట్టుమిషను ముందు కూర్చున్నాను. రెండు కాలర్లు కుట్టాను. మూడో కాలరు సగంలో ఉండగా నా కాలు పెడల్ మీద ఆగిపోయింది. కాస్త దూరమే తిరుగుతుంటే, అన్నావు. నలభై అయిదు కిలోమీటర్లు కాస్త దూరం ఎప్పణ్ణించి అయింది నాన్నా?

నీ నాలుగో ప్రశ్న ఎందుకు అడిగావో నాకు అర్థం కాలేదు. నురగకీ చుక్కకీ ఏం సంబంధం? అయినా నువ్వు అడిగావు కాబట్టి వెళ్ళి చూశాను. మూత గట్టిగా బిగిసేసరికి చుక్క బ్యాటరీ వైపు లేదు. ముందు అద్దం వైపు ఉంది. ఇదేమిటని వంగి చూశాను. నీ చుక్క మాసిపోయిన ఇటుక రంగు. ఇది నిగనిగలాడుతోంది. గోటితో గీకితే పొలుసులా ఊడి వచ్చింది. వాసన చూస్తే, ఒట్టు నాన్నా, అది నా గోళ్ళరంగు! రెండు నెలలుగా ఇల్లంతా తలకిందులు చేసి వెతుకుతున్నానే, ఆ సీసాది. ఇక మూతనంతా పరీక్ష చేశాను. గరుకు కాగితంతో రుద్ది, మసి పూసి పాతదానిలా చేశారు. కానీ మూత మీది అక్షరాల సందుల్లో ఇంకా కొత్త మెరుపు ఉంది. ఈ మూత మనది కాదు. పది చొక్కాల్లో ఒక దారం రంగు తేడా ఉన్నా పట్టేసే దాన్ని, వారం వారం ఈ మూత తిప్పుతూ కూడా కనిపెట్టలేకపోయాను. అలవాటైన పని కదా, చేతులు చేసుకుపోతుంటే కళ్ళు ఎటో తిరుగుతుంటాయి. సిగ్గేసింది.

నిన్న సాయంత్రం ఆయన వచ్చి కారు ఆపగానే, సంచీ అందుకునే వంకతో వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. అంత దూరం పరుగెత్తి వచ్చిన బానెట్ మీద చెయ్యి నిలవదు, చిన్నప్పుడు నీ షెడ్డులో కాల్చుకుని తెలుసుకున్నాను. ఇది ఇస్త్రీ చేసి పక్కన పెట్టిన చొక్కాలా గోరువెచ్చగా ఉంది. "ఏంటి?" అన్నారు. "ఏం లేదు, దుమ్ముంటేనూ" అన్నాను. "ఇవాళ ట్రాఫిక్కు ప్రాణం తీసింది" అన్నారు, నా మొహం చూడకుండా.

నాకు భయంగా ఉంది నాన్నా. ఇప్పుడు ఇంజిను గురించి కాదు. చలి మొదలైన దగ్గర్నుంచి గంట ముందు వెళ్తున్నారు, గంట ఆలస్యంగా వస్తున్నారు. షిఫ్టు మారిందన్నారు. నమ్మాను. పెళ్ళయి తొమ్మిదేళ్ళలో ఆయన నాతో ఆడిన అబద్ధం నాకు తెలిసి ఒక్కటి, నేను చేసిన కాఫీ బాగుందన్నది. ఉద్యోగం పోయిందా? దగ్గర్లో ఎవరింటికైనా వెళ్తున్నారా? ఆ ఆలోచన రాగానే సూది వేలికి గుచ్చుకుంది. అడిగేద్దామంటే, ఇంకో అబద్ధం చెప్తే దాన్ని కూడా మొయ్యాలి. శబ్దం విని ఊహించకు, విప్పి చూడు అని నువ్వు అంటూ ఉంటావు కదా. విప్పే చూస్తాను.

నీ పానా


ఆదివారం

నాన్నా,

ఈ వారం కవరు లేదు, పెట్టె వచ్చింది కదా. కంగారుగా తెరవకు. ముందు ఇది చదువు.

నిన్న పొద్దున ఆయన వెళ్ళిన పది నిమిషాలకి సైకిలు తీశాను. ఎటు వెళ్ళారో తెలియదు, కానీ రెండు మూడు కిలోమీటర్లకి మించి వెళ్ళి ఉండరు. ఆ సంగతి నురగ చెప్పనే చెప్పింది. స్కూలు వీధి చూశాను, మార్కెట్టు వెనక చూశాను. ప్రతి మలుపు దగ్గరా, ఎవరింటి ముందు కనిపిస్తుందోనని సైకిలు దిగి తొంగి చూశాను. చివరికి బస్ స్టాండు వెనక గోడ పక్కన, సైకిల్ స్టాండు రేకుల కింద కనిపించింది మన కారు. స్టాండు ఆయన్ని అడిగాను. "ఆ సారా? రోజూ ఇక్కడే పెట్టి ఆరుంబావు బస్సెక్కుతారమ్మా. రెండు నెలలు దాటింది. బండికేమన్నా రిపేరా?" అన్నాడు.

సాయంత్రం నా దగ్గరున్న తాళంతో కారు తెరిచి, పక్క సీట్లో కూర్చున్నాను. బస్సు వచ్చింది. అందరికంటే చివర దిగారు. సంచీ భుజాన వేసుకుని, కళ్ళు నులుముకుంటూ వచ్చి తలుపు తీసి, నన్ను చూసి అలాగే నిలబడిపోయారు.

"నువ్వేంటి ఇక్కడ?"

"మూత కోసం వచ్చాను. మన మూత ఏదండీ?"

దబాయిస్తారనుకున్నాను. లేదు. సీట్లో కూర్చుని, క్యారేజీ సంచీలోంచి రుమాల్లో చుట్టిన పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టారు. మన మూత నాన్నా! ఎర్ర చుక్కతో సహా. రోజూ దాన్ని ఫ్యాక్టరీకి మోసుకెళ్ళి మోసుకొస్తున్నారట. "ఇంట్లో పెడితే నీ కంట పడుతుంది. పారేద్దామంటే చెయ్యి రాలేదు. మీ నాన్నది కదా" అన్నారు.

తర్వాత చెప్పారు. చలి మొదలైన రోజుల్లో ఒక సోమవారం, పెద్ద రోడ్డు మీద వెళ్తుంటే మాడు వాసన వచ్చిందట. చూస్తుండగానే బానెట్ అంచుల నుంచి తెల్లటి పొగ. కారు లోపలికి కూడా వచ్చేసింది. మంటలే అనుకున్నారు. బ్రేకు తొక్కి పక్కకి లాగారు. వెనక లారీ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. హారను తప్ప ఇంకేం వినిపించలేదట. లారీ ఆగేసరికి దాని బంపరుకీ మన డిక్కీకీ మధ్య జానెడు జాగా. దిగి బానెట్ ఎత్తితే ఇంజినంతా నూనెతో తడిసి కాగుతోంది. మూత ఊడి బ్యాటరీ పక్కన పడి ఉంది. మళ్ళీ పెట్టి తిప్పితే పట్టలేదట. లారీ డ్రైవరే దగ్గర్లోని షాపుకి వెళ్ళి కొత్త మూత, నూనె డబ్బా తెచ్చిచ్చాడు. "నాకు మంచినీళ్ళు కూడా ఆయనే తాగించాడు" అన్నారు. ఆ తర్వాత రెండుసార్లు ఆ రోడ్డెక్కి చూశారట. అద్దంలో లారీ కనబడితే చాలు, చేతులు స్టీరింగు మీద కొయ్యబారిపోతున్నాయట. అందుకని బస్సు.

"ఇంత జరిగితే నాకెందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?" అని గట్టిగానే అరిచాను. బస్ స్టాండులో ఇద్దరు తిరిగి చూశారు.

"సోమవారం అన్నాను కదా. ముందురోజు ఆదివారం" అన్నారు మెల్లగా.

అప్పుడు అర్థమైంది నాన్నా. ఆ మూత ఆఖరుసారి తిప్పింది నేను.

"చెప్తే నువ్వింక బానెట్ జోలికి పోవు. మీ నాన్నకి మొహం చూపించవు. నాకు తెలీదా నీ సంగతి? బస్సులో వెళ్తే నాకు పోయిందేముంది, కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతున్నాను" అన్నారు. ఆయన గురించి ఏమేం ఊహించుకున్నానో తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఏడ్చాను. ఏడుస్తూనే, "గోళ్ళరంగు రెండు పూతలు వేశారా?" అని అడిగాను. "మూడు. మొదటిది కారిపోయింది" అన్నారు. నవ్వొచ్చింది, మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం ఏం చేశానో గుర్తు తెచ్చుకోవాలని తల బద్దలు కొట్టుకుంటున్నాను. గుడ్డతో తుడిచాను. యూనిఫారం కొలతలకి ఎవరో వచ్చారు, మెడలో టేపు వేసుకుని లోపలికి పరుగెత్తాను. మూత పెట్టాను. చుక్కదాకా తిప్పానా? గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. జానెడు జాగా నాన్నా! ఆ జానెడు లేకపోతే ఇవాళ ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. నేనింక ఆ బానెట్ ఎత్తను. నాకు ఆ పని చేసే అర్హత లేదు. మన మూత పెట్టెలో పంపిస్తున్నాను, నీ దగ్గరే ఉంచుకో. కారు నువ్వు వెనక్కి తీసుకో, లేదా ఎవరికైనా ఇచ్చెయ్యి. నురగ వచ్చింది నీ ఇంజిను తప్పు వల్ల కాదు. నావల్ల.

నీ కూతురు


గురువారం

ఒసే పానా,

పెట్టె అందింది. మూత టేబులు మీద పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. మిగతాదంతా ఈ ఉత్తరం రాయడానికి ధైర్యం కూడగట్టుకోవడానికి పట్టింది. నేను పొడుగు ఉత్తరాలు రాయనని సాధిస్తావు కదా. ఇదిగో, పొడుగ్గానే రాస్తున్నాను. మధ్యలో కోపం వస్తే పక్కన పెట్టి, నీళ్ళు తాగి మళ్ళీ చదువు.

ఆ మూత అడుగున రెండు చెవులు ఉంటాయి. మూత తిప్పితే అవే వెళ్ళి నూనె పోసే గొంతు లోపల పట్టుకుంటాయి. మన మూతకి ఒక చెవి విరిగి ఉంది. రెండోది సగానికి అరిగింది. విరిగిన చోట మడ్డి గట్టిగా పేరుకుపోయి, సూదితో గీకినా రాలేదు. రెండు మూడు నెలల్లో పట్టే మడ్డి కాదది. అది ఎప్పటిదో నాకు తెలుసు, ఎందుకంటే నా చేతిలోనే విరిగింది. నీకు కారు ఇవ్వడానికి ముందు సంవత్సరం, ఒక రోజు మూత బిగుసుకుపోయి రాకపోతే నాకు చిర్రెత్తి పానా పెట్టి తిప్పాను. టక్కుమంది. మూత మీద పానా పెట్టకూడదని నీకు వందసార్లు చెప్పాను, ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. ఇందుకే.

కొత్త మూత ఏ షాపులోనైనా దొరుకుతుంది. నేను కొనలేదు. లోపల రబ్బరు రింగు ఇంకోటి ఎక్కువ వేసి, ఒంటి చెవితో ఎక్కడ పడితే నిలబడుతుందో తిప్పి తిప్పి కనిపెట్టి, ఆ చోటుకి ఎర్ర రంగు పెట్టాను. షెడ్డులో ఎవడైనా ఊరివాళ్ళ బండ్లకి ఇలాంటి అతుకుల పని చేస్తే కుర్చీ విసిరేసేవాణ్ణి. నా బండి కదా, నాకు తెలుసు కదా అనుకున్నాను. రేపు మారుద్దాం, రేపు మారుద్దాం అనుకుంటూనే నీకు ఇచ్చేశాను. నువ్వు ఆ చుక్కని చూసి నాన్న గుర్తు అని మురిసిపోతుంటే, అది అతుకు అని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంకోటి కూడా ఉంది. నీ గుడ్డముక్కలన్నీ తేదీలు వేసి రేకు డబ్బాలో దాచాను. నిన్న తీసి వరసగా పరిచాను. నువ్వు అడిగిన ఆ దుమ్ము ముక్క కూడా దొరికింది. దుమ్ము లోపలికి వచ్చిందంటే మూత సరిగ్గా కూర్చోవడం లేదని అర్థం. చూడగానే నాకు తెలిసింది. జవాబు రాస్తే చెవి సంగతి కూడా రాయాలి. ఈసారి వచ్చినప్పుడు చడీచప్పుడు లేకుండా మార్చేద్దాం అనుకుని ఎగ్గొట్టాను. నురగ ముక్క వచ్చినప్పుడు చుక్క ఎటు ఉందని అడిగింది కూడా అందుకే. అప్పుడైనా నిజం రాయొచ్చు. రాయలేదు.

ఆ ఆదివారం నువ్వు చుక్కదాకా తిప్పే ఉంటావు. నీ చేతులు నాకు తెలుసు. తిప్పకపోయినా, తిప్పినా, ఆ వారం కాకపోతే పై వారం అది ఊడేదే. నువ్వు అడిగిన మాటకి నేను జవాబు రాసి ఉంటే అల్లుడుగారి వెనక ఆ లారీ అలా వచ్చి ఉండేది కాదు. ఈ తప్పు నాది. నీ దగ్గర్నుంచి తీసి నా దగ్గర పెట్టుకుంటున్నాను. కారు మాత్రం తీసుకోను.

అల్లుడుగారికి వేరే కాగితం మీద రాశాను, చూసి ఇచ్చెయ్యి. క్షమించమని రాశాను. నిద్ర కోసం బస్సెక్కితే హాయిగా ఎక్కమన్నాను. భయం వల్ల అయితే మాత్రం ఆ బాధ ఒంటరిగా పడొద్దన్నాను. ఆయన వేసిన చుక్క గీకెయ్యండి. రెండు చెవులూ బాగున్న మూతకి చుక్క అక్కర్లేదు, చేత్తో గట్టిగా పట్టేదాకా తిప్పితే చాలు. మూడు పూతలు వేశాడంటే మనిషి పనిమంతుడే.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. మోకాళ్ళ గురించి ఉపన్యాసం ఇవ్వకు. ఆ నురగ పోవాలంటే బండి కనీసం అరగంట ఆగకుండా నడవాలి. లారీలు తిరగని చిన్న రోడ్డు ఏదో ఒకటి చూసి ఉంచండి. ఆయన నడుపుతాడు, నువ్వు పక్కన, నేను వెనక. చేతులు బిగుసుకుంటే పక్కన ఆపుకుందాం, తగ్గాక మళ్ళీ బయల్దేరదాం. నాకు ఇంటి దగ్గర తొందర పనులేం లేవు.

బయల్దేరే ముందు బానెట్ నువ్వే ఎత్తు. మూత మాత్రం నేను తీస్తాను, నేను తుడుస్తాను, నేను బిగిస్తాను. నువ్వు నా పక్కన నిలబడి సరిగ్గా చేశానో లేదో చూడు, తప్పయితే మొహమాటపడకుండా చెప్పు. నలభై ఏళ్ళుగా నా పని ఎవరూ చూడలేదు.

తెల్లగుడ్డ కాస్త పెద్దది కత్తిరించి ఉంచు.

మీ నాన్న